నీలం కింద పసుపు

అమెరికావాళ్ల అయిదు సెంట్ల నాణేన్ని తిరగేస్తే గుమ్మటం ఉన్న ఇల్లొకటి కనిపిస్తుంది. 1938లో నాణెం మీదికెక్కిన ఆ ఇంటి పేరు మాంటిచెల్లో. వర్జీనియా రాష్ట్రంలో షార్లట్స్‌విల్ పక్కన ఒక గుట్ట నెత్తిన ఉంది. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ప్లాను తానే గీసుకుని 1769లో పని మొదలుపెట్టించాడు. ఫ్రాన్సు వెళ్లొచ్చాక, కట్టినదాంట్లో కొంత పడగొట్టించి 1796 నుంచి మళ్లీ కట్టించాడు. 1809 దాకా అక్కడ సుత్తి చప్పుడు ఆగలేదు. ఇలాంటి ఇంటాయన దొరికితే మన మేస్త్రీలు ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు.

వాషింగ్టన్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఇది కారులో వెళ్లి వచ్చేయగల దూరం. అక్కడ వింతలకు కొదవ లేదు: ఫిరంగి గుళ్లు బరువులుగా వేలాడే గడియారం, గోడ సందులో ఇమిడిపోయే మంచం, నేలకు గడ్డిపచ్చ రంగు వేసిన ముందు హాలు. ఆ పచ్చ రంగు సలహా చిత్రకారుడు గిల్బర్ట్ స్టువర్ట్‌ది. వచ్చినవాళ్లు వీటన్నిటినీ చూసి ముచ్చటపడతారు. నన్ను ఆకట్టుకున్నవి మాత్రం ఉత్తరం వైపున్న భోజనాల గది గోడలు. ఒకే గది, ఒకే గోడలు. 1936 నుంచి 2010 దాకా నీలం. 2010 తర్వాత పసుపు. రెండు రంగుల్లోనూ ఆ గది ఫొటోలున్నాయి. పక్కపక్కన పెట్టుకుని చూస్తే రెండూ ఒకే గదివంటే నమ్మబుద్ధి కాదు.

ముందు గది స్వభావం తెలియాలి. సుమారు 18 అడుగుల ఎత్తు, అంటే రెండు అంతస్తులంత. ఉత్తరపు వెలుతురు పడుతుంది, పైకప్పులో ఉన్న అద్దాల కిటికీ నుంచి మరికొంత దిగుతుంది. కమాను దాటితే టీ గది. చలికాలంలో ఆ గది చల్లదనం ఇటు రాకుండా మధ్యలో రెండు వరసల అద్దాల జారుడు తలుపులు పెట్టారు. చలి పొయ్యి చట్రానికి రెండు పక్కలా, కింద నేలమాళిగలోని ద్రాక్షసారా సీసాలు పైకి రావడానికి చిన్న లిఫ్టులు దాచారు. ఒక తలుపుకు వెనకవైపు అరలున్నాయి. వడ్డించాల్సిన పాత్రల్ని అవతలివాళ్లు అరల్లో సర్ది తిప్పితే తలుపు మొత్తం గిర్రున తిరిగి అవి గదిలోకి వచ్చేస్తాయి. సాధ్యమైనంతవరకు వడ్డించే మనుషులు కనబడకూడదన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం. ఆ మనుషులు ఎవరో కాసేపట్లో చెబుతాను. ఇక పొయ్యి చట్రంలో పొదిగిన పలకలున్నాయి. ఇంగ్లండులో జోసయా వెడ్జ్‌వుడ్ కుమ్మరిశాలలో తయారైన జాస్పర్ మట్టి పలకలు అవి. లేత నీలపు నేల మీద తెల్లటి బొమ్మలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఈ గదిలో నీలం కథంతా ఆ పలకల చుట్టూ తిరుగుతుంది.

1936లో గోడలకు వేసిన రంగుకు వెడ్జ్‌వుడ్ నీలమనే పేరు. ఆ పేరు వినగానే లెక్క తెలిసిపోతుంది: పలకలో ఉన్న నీలమే గోడకూ ఎక్కింది. చీర అంచులోని రంగు చూసుకుని రవికె గుడ్డ ఎంచుకోవడం మనకు కొత్తేమీ కాదు, ఇదీ అదే చూపు. తెల్లటి చెక్క పని, తెల్లటి పైకప్పు, నీలం గోడ, మధ్యలో నీలం–తెలుపు పలకలు. గదిలో ఏ వస్తువూ మరో వస్తువుతో పేచీ పెట్టుకోదు. గోడమీద వేలాడే పటాల బంగారు పూత చట్రాలు నీలం మీద చక్కగా మెరుస్తాయి. ఆ నీలాన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు. దాన్ని ఎంచినవాళ్ల చెయ్యి చెడ్డదీ కాదు. ఆ రోజుల్లో అమెరికాలో పాత ఇళ్లను బాగుచేసేవాళ్లలో చాలామందికి తాతల కాలపు రంగులంటే నెమ్మదిగా, కాస్త బూడిద కలిసినట్టు ఉంటాయన్న నమ్మకం ఉండేది. 1930లలో విలియమ్స్‌బర్గ్ ఊరిని బాగుచేసినప్పుడు వాడిన మెత్తటి నీలాలు, బూడిద పచ్చలు దేశమంతా ఇళ్లల్లోకి వచ్చాయి.

ఆ నమ్మకానికి పునాది ఏమిటంటే, గోకి చూడటం. పైపొరలు చాకుతో గోకి, అడుగున కనిపించిన రంగుకు జత రంగు కలిపేవారు. అడుగున కనిపించేది వందేళ్లు మాగిన రంగు. అవిసె నూనెలో కలిపిన రంగు చీకట్లో పడుంటే పచ్చబారుతుంది. ఆ పసిమి నీలం మీద కమ్మితే నీలం ఆకుపచ్చగా, మురికిగా కనిపిస్తుంది. వెలుగు తగిలినచోట కొన్ని రంగులు వెలిసిపోతాయి. అంటే గోకినవాళ్లు చూసింది రంగు ముసలితనాన్ని. దాన్నే వయసులో ఉన్న రూపమనుకుని డబ్బాల కొద్దీ కలిపించారు.

ఇప్పటి పద్ధతి వేరు. గుండుసూది తలంత పెచ్చును గోడనుంచి తీసి, పారదర్శకమైన జిగురులో పోతపోసి, అడ్డంగా కోసి, అద్దంలా నునుపు చేసి మైక్రోస్కోపు కింద పెడతారు. అప్పుడు ఒకదాని మీద ఒకటిగా పొరలన్నీ నిలువునా బయటపడతాయి. సున్నం, దానిమీద ప్రైమరు, దానిమీద మొదటి రంగు, మధ్యలో పొయ్యి పొగ చేసిన నల్లటి గీత, మళ్లీ రంగు. అతినీలలోహిత కాంతి వేస్తే నూనె ఒకలా, లక్క ఒకలా, సీసం కలిసిన తెలుపు మరోలా వెలుగుతాయి. ఆ పొగ గీత అంటే నాకు భలే ఇష్టం. దాని మందాన్నిబట్టి ఒక రంగు ఎన్నాళ్లు వాడుకలో ఉందో అంచనా వేస్తారు. గోడమీద మురికి కూడా సాక్ష్యమే అన్నమాట. ఈ పద్ధతిలో జార్జ్ వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్ గోడల్ని పరీక్షించినప్పుడు చిన్న భోజనాల గదికి అసలు వేసింది కళ్లు చెదిరే చిలుము పచ్చ అని తేలి చాలామంది నివ్వెరపోయారు. మాంటిచెల్లోలో తేలింది పసుపు.

ఎలాంటి పసుపంటే, గంధం కాదు, పేలపిండి కాదు, నాటుకోడి గుడ్డు సొన. 1815 ప్రాంతంలో జెఫర్సన్ వేయించిన ఆ రంగు పేరు క్రోమ్ పసుపు. అప్పటికది చాలా కొత్త సరుకు. 1797లో లూయీ నికొలా వోక్లాఁ అనే ఫ్రెంచి రసాయనవేత్త సైబీరియా గనుల్లో దొరికే ఎర్రటి సీసపు ఖనిజాన్ని పరీక్షిస్తూ అందులో ఒక కొత్త లోహాన్ని కనిపెట్టాడు. దాని సమ్మేళనాలు ఒక్కొక్కటి ఒక్కో రంగులో ఉండటంతో గ్రీకులో రంగు అనే అర్థం వచ్చేలా క్రోమియం అన్నారు. ఆ క్రోమియం, సీసం కలిసిన పదార్థమే క్రోమ్ పసుపు. బజారులో దాని ధర ప్రష్యన్ నీలానికి రెండింతలు, సీసపు తెలుపుకు 33 రెట్లు. ఆ నీలం అప్పటికి బాగా పాతబడిన సరుకు, బెర్లిన్‌లో 1700ల తొలి ఏళ్లలోనే పుట్టింది. అంటే జెఫర్సన్ గోడమీద పులిమించింది ఆ కాలపు తాజా రసాయన శాస్త్రం. అంత ఖరీదైన రంగు వేయించిన మనిషి పీకల్లోతు అప్పుల్లో ఉన్నాడన్నది వేరే సంగతి. తెలుగులో ఇలాంటివాళ్ల గురించి చాలా సామెతలున్నాయి, ఇక్కడ ఒక్కటీ ఉదాహరించను.

ఇప్పుడు ఆ పసుపు ఆ గదిలో చేసే పని చూడండి. ఉత్తరపు వెలుతురు పొద్దంతా నిలకడగా ఉంటుంది గానీ ఎండలోని పసిమి అందులో ఉండదు. అది నీలి వెలుతురు. దాని కింద నీలం గోడ తన రంగును రెట్టింపు చేసుకుని, గదిని మరింత చల్లబరుస్తుంది. పక్కగది చలి రాకుండా రెండు వరసల అద్దాల తలుపులు పెట్టాల్సి వచ్చిన గది అది. పసుపు గోడ ఆ కొద్దిపాటి వెలుతురునే పట్టుకుని ఎదుటి గోడమీదికి విసురుతుంది, ఎదుటి గోడ తిరిగి ఇటు విసురుతుంది. ఒక్కో విసురులో రంగు ఇంకొంచెం చిక్కబడుతుంది. షేడ్ కార్డులో అంగుళం ముక్క చూసి నాలుగు గోడలకూ వేయించుకున్న ప్రతివాళ్లూ ‘ఇంత ముదురు అనుకోలేదే’ అనడానికి కారణం ఇదే. 18 అడుగుల ఎత్తున్న గదిలో ఆ విసుర్లు ఎన్ని జరుగుతాయో ఆలోచించండి.

జెఫర్సన్ ఇంట్లో రెండో భోజనం మధ్యాహ్నం మూడున్నర, నాలుగు గంటల వేళ. చలికాలంలో మాటల్లోనే పొద్దు వాలిపోయి కొవ్వొత్తులు వెలిగించాల్సి వస్తుంది. కొవ్వొత్తి వెలుగులో నీలం పాలు చాలా తక్కువ. నీలం గోడకు తిప్పి పంపడానికి ఏమీ దొరకదు కాబట్టి అది బూడిదరంగులోకి దిగిపోతుంది. పసుపు గోడ మాత్రం ఉన్న వెలుగునంతా వాడుకుంటుంది. అయితే నీలానికి న్యాయం చేయాలంటే ఇంకో మాట చెప్పాలి. అసురసంధ్యవేళ, దీపం పెట్టకముందు, కన్ను ఎరుపును ముందుగా, ఆ తర్వాత పసుపును మసకబార్చి చూస్తుంది. నీలం మాత్రం ఇంకాసేపు నిలుస్తుంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే గుర్తించిన విషయమిది. కాబట్టి దీపం పెట్టేలోపు ఆ కాస్త సమయం నీలానిదే. పెట్టాక పసుపుది.

పలకల దగ్గరికి మళ్లీ వద్దాం. ఫొటోలో పొయ్యి చట్రం మీదికి చూపు దగ్గరగా తీసుకెళ్తే అసలు తేడా అక్కడ దొరుకుతుంది. నీలం గోడ ఉన్నప్పుడు పలకలు గోడలో కలిసిపోయి, తెల్ల చట్రంలో గోడ ముక్కలు తొంగిచూస్తున్నట్టు ఉండేవి. అందులోని తెల్లటి బొమ్మలు కనబడాలంటే వెతకాలి. పసుపు గోడ వచ్చాక ఆ పలకలు ఒక్కసారిగా నీలంగా మారాయి. అంతకుముందూ నీలమే, కానీ ఇప్పుడు ఆ గదిలో నీలం అంటే అవే. పారిస్‌లో గోబెలాఁ నేతశాలలో అద్దకాల విభాగాన్ని చూసుకున్న షెవ్రెల్ 1839లో అచ్చువేసిన గ్రంథంలో, ఒక రంగు పక్కన దానికి ఎదురు రంగు పెడితే రెండూ పదునెక్కుతాయని వివరంగా రాశాడు. ఈ గోడలకు రంగు పడ్డది అంతకు ఇరవై ఏళ్లకు పైగా ముందే. సిద్ధాంతం లేకుండానే ఎవరి కంటికో అది తెలిసింది. 1936లో నీలం ఎంచినవాళ్లు పలకకు జత వెతికారు. 1815లో పసుపు ఎంచినవాడు పలకకు ఎదురు వెతికాడు. నాకు రెండోదే గొప్ప పనితనంగా తోస్తుంది. జత కుదిర్చినచోట ఒకటి మరొకదాన్ని మింగేస్తుంది. ఎదురు నిలిపినచోట చిన్నది కూడా బతుకుతుంది. నష్టం లేకపోలేదు: బంగారు చట్రాలు పసుపు మీద కాస్త వెనక్కి తగ్గాయి.

రంగు ఎంచడం ఒక ఎత్తు, వేయడం ఒక ఎత్తు. ఆ కాలంలో మూత తీసి కుంచె ముంచే డబ్బాలు లేవు. రంగు పొడిగానో గడ్డగానో వచ్చేది. రంగుల పనివాడు దాన్ని రాతి పలక మీద పోసి, అవిసె నూనె చిలకరిస్తూ పొత్రంతో గంటల తరబడి నూరాలి. చాలినంత నూరకపోతే గోడమీద గరుకు తేలుతుంది. క్రోమ్ పసుపుకు ఇంకో పేచీ ఉంది: ఎక్కువ నూరితే రంగు మారుతుంది. ఆ పొడిలో పలుకులు పెద్దగా ఉంటే ముదురుగా, నలిగే కొద్దీ లేతగా అవుతుంది. ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. నూరిన ముద్దను టర్పెంటైన్‌తో పలుచన చేసి, గుండ్రటి పంది వెంట్రుకల కుంచెతో పూయాలి. ఎండేలోపు తడి అంచును తర్వాతి పట్టీ అందుకోవాలి, లేకపోతే అతుకు గీత పడుతుంది. చేత్తో నూరిన రంగులో పలుకులన్నీ ఒకే సైజులో ఉండవు కనుక వెలుతురు గోడమీద ఒకేలా పడి నిలిచిపోదు, అక్కడక్కడా కదులుతుంది. ఈనాటి మరరంగుల్లో మనకు దొరకనిది ఆ కదలికే.

మాంటిచెల్లోలో ఈ పని చేసే మనుషులందరికీ కూలి దక్కలేదు. జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నాడు. మనుషులంతా సమానమని రాసిన చెయ్యి కూడా అదే. రంగుల పనికి రిచర్డ్ బ్యారీ అనే పనివాణ్ని జీతమిచ్చి పెట్టుకున్నాడు. అతని దగ్గర పని నేర్చుకున్నవాడు బర్వెల్ కోల్బర్ట్. పుట్టుకతో బానిస. ఇంటి వ్యవహారమంతా చూసే పెద్ద నౌకరుగా జెఫర్సన్‌ను కనిపెట్టుకుని ఉంటూనే రంగుల పని, కిటికీ అద్దాల పని చేశాడు. తిరిగే తలుపు అవతల ఉండే మనుషులంటే వీళ్లే. 1826లో జెఫర్సన్ చనిపోతూ వీలునామాలో విడుదల చేసిన కొద్దిమందిలో కోల్బర్ట్ ఒకడు. పనిముట్లు కొనుక్కోవడానికి 300 డాలర్లు కూడా రాశాడు. పనితనానికి ఆ ఇంటాయన ఇచ్చిన యోగ్యతాపత్రం అదనుకోవచ్చు. అది అందేసరికి కోల్బర్ట్‌కు నలభై దాటాయి.

క్రోమ్ పసుపుకు ఒక జబ్బుంది. వెలుగు తగిలి తగిలి గోధుమరంగులోకి నల్లబడుతుంది. చిత్రకారుడు వాన్ గో బొమ్మల్లో పసుపు మసకబారడాన్ని శోధించినవాళ్లు, ఆ రంగులోని క్రోమియం తన రసాయన స్థితిని మార్చుకోవడమే కారణమని 2011లో తేల్చారు. మాంటిచెల్లో గోడమీద అలా మసకబారిన పొరను ఎవరైనా చాకుతో గోకి చూసి ఉంటే ఆవాల పిండి రంగు అనుకుని వదిలేసేవారు. 1936 నాటికి అసలు పసుపు ఊహకు కూడా అందకపోవడంలో వింత లేదు.

నీలమూ పసుపూ రెండూ కావాలనుకున్నవాడొకడున్నాడు. ఫ్రాన్సులో జివెర్నీ పల్లెలో 1883 నుంచి 1926లో పోయేదాకా ఉన్న క్లోడ్ మోనే, భోజనాల గదికి రెండు రకాల పసుపులు వేయించి, దాన్నానుకున్న వంటగదికి నీలం పెట్టించాడు. మధ్య తలుపు తీస్తే పసుపు చట్రంలో నీలం గది కనిపిస్తుంది. కుర్చీలు, అల్మరాలు కూడా పసుపే. పసుపు గోడలమీద జపాన్ అచ్చుబొమ్మలు, వాటిలో మళ్లీ నీలాలు. చిత్రకారుడి ఇల్లు కదా, ఒక గదితో సరిపెట్టుకోలేదు.

మన ఇళ్ల మాటకొస్తే, ఈ రెండు రంగులతో మనకున్న చుట్టరికం వేరే రకం. సంక్రాంతికి వెల్ల వేసేటప్పుడు సున్నంలో ఇంత నీలిమందు కలపడం అమ్మమ్మల కాలం నుంచీ ఉంది. అది గోడను నీలం చేయడానికి కాదు, తెలుపును ఇంకా తెల్లగా చూపించడానికి. పసుపు గోడమీదికి రాలేదు, గడపతోనే ఆగిపోయింది. గదంతా ముదురు పసుపు అన్నది అపార్టుమెంట్లు, టింటింగ్ మిషన్లు వచ్చాక పుట్టిన ధైర్యం. పైగా మన దగ్గర చిక్కు తిరగబడుతుంది. వర్జీనియాలో వెలుతురు చాలదు, మనకు ఎక్కువ. పడమటి కిటికీ ఉన్న గదికి సొన పసుపు వేయిస్తే వేసవి సాయంత్రం నాలుగింటికి అందులో కూర్చోలేం. అదే గదికి ఆ 1936 నాటి నీలం హాయిగా ఉంటుంది. ఎదురింటి గోడ అడ్డమై, పగలే లైటు వేసుకోవాల్సిన ఉత్తరపు గదికి పసుపు వేయించుకోవచ్చు. రాత్రి తెల్లటి ఎల్‌ఈడీ పెట్టుకునేవాళ్లూ, పసిమి వెలుగు బల్బు పెట్టుకునేవాళ్లూ ఒకే డబ్బా కొన్నా ఒకే రంగు చూడరు.

పనివాళ్లకు రెండూ రెండు రకాల పరీక్షలు. పాత క్రోమ్ పసుపుకు సీసం వల్ల అడుగును కప్పే బలం బాగా ఉండేది. ఆ సీసం పిల్లల ఒంటికి విషం. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని 2016లో మన దేశంలో నిబంధన తెచ్చి, 2017 నవంబరు నుంచి అమలు చేశారు. సీసం లేని నిండు పసుపుల్లో చాలావాటికి కప్పే బలం తక్కువ. లప్పం మచ్చలు కిందినుంచి కనిపిస్తూనే ఉంటాయి. ముదురు నీలం ఇట్టే కప్పేస్తుంది గానీ, గోడలో ఉన్న ప్రతి ఎత్తుపల్లాన్నీ చాటి చెబుతుంది. వేలితో రాస్తే తెల్లటి గీత పడుతుంది. మధ్యలో టచప్ చేస్తే ఆ చోటు జన్మలో కలవదు, మూలనుంచి మూలకు గోడంతా మళ్లీ వేయాల్సిందే. కనుక నీలం వేయించేవాళ్లు లప్పం పనికి, పట్టి కాగితంతో రుద్దే పనికి ఇంకో రోజు ఇవ్వాలి. ఆ పని అయ్యాక చీకటి పడేదాకా ఆగి, గోడ పక్కనుంచి టార్చిలైటు వేసి చూసుకోవాలి. పసుపు వేయించేవాళ్లు మేస్త్రీతో బేరం చేసేటప్పుడే మూడో కోటింగు సంగతి తేల్చుకోవడం మంచిది. రెండు కోటింగులయ్యాక అడిగితే ఆయన చెప్పే రేటు వేరుగా ఉంటుంది.